డ్యాష్‌బోర్డులో హెల్ప్ ఎక్కడ పెడితే మేలు?

నెలాఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మా బ్రాంచి నెట్ సేల్స్ తప్పు చూపిస్తోంది." తీరా చూస్తే తప్పేమీ ఉండదు. డ్యాష్‌బోర్డులో ఉన్నది రిటర్నులు తీసేశాక వచ్చిన అంకె. ఆయన ఎక్సెల్‌లో రిటర్నులు తియ్యలేదు, అంతే తేడా. ఈ ఒక్క ముక్క తెర మీదే ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు. కానీ తెర మీద ఎక్కడ? డ్యాష్‌బోర్డులు చేసే మైక్రోసాఫ్ట్ టూల్ పవర్ బీఐలో అన్ని రకాలుగానూ చేసి చూశాను.

అందరిలాగే ముందు పీడీఎఫ్ గైడ్ చేశాను. పన్నెండు పేజీలు. ఎవరూ తెరవలేదు.

తర్వాత ఓవర్‌లే. పై మూలన ఒక ప్రశ్నార్థకం బటన్ ఉంటుంది. నొక్కితే పేజీ మీద పల్చటి నల్లని పరదా పడి, "ఇక్కడ జిల్లా ఎంచుకోండి", "ఈ బార్ మీద రైట్ క్లిక్ చేస్తే బిల్లులు వస్తాయి" అని బాణాలు కనిపిస్తాయి. పరదా మొత్తాన్ని సెలెక్షన్ పేన్‌లో (పేజీలోని వస్తువుల జాబితాలో) ఒక గ్రూపు చేసి, చూపడానికి ఒక బుక్‌మార్క్ (పేజీ అప్పుడెలా ఉందో అలా గుర్తుపెట్టుకునేది), దాచడానికి ఇంకో బుక్‌మార్క్ పెట్టుకుంటే చాలు. డెమోలో అదిరిపోతుంది.

అసలు గొడవ తర్వాత మొదలైంది. ఒక మేనేజరు గారు గుంటూరు, మార్చి, రెండు ప్రొడక్టులు ఎంచుకుని, ఏదో డౌట్ వచ్చి హెల్ప్ నొక్కారు. మూసి చూస్తే ఫిల్టర్లన్నీ మొదటికొచ్చాయి. తప్పు నాదే. బుక్‌మార్క్ చేసినప్పుడు అందులో "డేటా" అన్న టిక్ దానంతటదే పడి ఉంటుంది. అది తీసేయకపోతే, నేను బుక్‌మార్క్ చేసిన రోజు ఏ ఫిల్టర్లు ఉన్నాయో అవే తిరిగి వచ్చి కూర్చుంటాయి. అది సరిచేశాను. ఇంకో చిక్కు బాణాలతో. చార్టు కాస్త పక్కకి జరిపితే బాణం ఉన్నచోటే ఉండిపోతుంది. రెండు నెలలు నా బాణం ఒకటి ఖాళీ గోడని చూపించింది. ఎవరూ చెప్పలేదు. అంటే ఎవరూ నొక్కలేదన్నమాట!

మూడోది చార్టు పక్కన చిన్న "ఐ" గుర్తు. విజువల్ హెడర్‌లోనే, అంటే చార్టు పైనుండే పట్టీలోనే, హెల్ప్ టూల్‌టిప్ (మౌస్ ఆనిస్తే తేలే చిన్న నోటు) ఉంది కానీ, మౌస్ చార్టు మీదికి వెళ్తే తప్ప ఆ గుర్తు కనబడదు. ఉందని తెలియనివాళ్ళు వెతకరు కదా. అందుకే ఇన్ఫర్మేషన్ బటన్ ఒకటి టైటిల్ పక్కన పెట్టి, దాని టూల్‌టిప్‌లో ఇలా రాశాను: "నెట్ సేల్స్ = బిల్లులు − రిటర్నులు. జీఎస్టీ కలపలేదు. నిన్న రాత్రి వరకు లెక్క." మూడు ముక్కలే. ఏ బటన్ నొక్కాలో మనవాళ్ళు గెలికి కనుక్కుంటారు. ఆ అంకెలో ఏం కలిసింది, ఏం పోయింది అన్నది ఎంత గెలికినా దొరకదు. దీనికీ లోటు లేకపోలేదు. ఫోన్లో వేలు పెట్టి చూసేవాళ్ళకి మౌస్ ఆనించడమనేదే లేదు. పీడీఎఫ్‌గా తీసి వాట్సాప్‌లో పంపితే టూల్‌టిప్ ఎగిరిపోతుంది. కాబట్టి మరీ ముఖ్యమైన మాటని గుర్తు వెనక దాచకుండా చార్టు సబ్‌టైటిల్‌లోనే రాసేస్తున్నాను.

ఇక "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ నడిపించే టూర్. పవర్ బీఐలో ఇది రెడీమేడ్‌గా లేదు, బుక్‌మార్క్‌లతో నెట్టుకురావాలి. ఆర్ భాషలో డ్యాష్‌బోర్డులు చేసే షైనీలో అయితే ఆర్‌ఇంట్రోజేఎస్, సిసెరోన్ ప్యాకేజీలున్నాయి. ఇవి చార్టునే పట్టుకుని ఉంటాయి గనక, చార్టు జరిగినా సూచన దాని వెంటే వెళ్తుంది. ఓవర్‌లే కంటే అక్కడ నయం. ఆర్‌ఇంట్రోజేఎస్ వెనక ఉన్న ఇంట్రో జేఎస్‌ని కంపెనీ పనికి వాడేముందు మాత్రం లైసెన్స్ చూసుకోండి. సిసెరోన్ వెనక ఉన్న డ్రైవర్ జేఎస్‌ది ఎంఐటీ లైసెన్స్, అంటే కంపెనీ పనికీ ఉచితంగా వాడుకోవచ్చు, ఆ టెన్షన్ లేదు. అయినా టూర్ మొదటి రోజుకే. రెండోసారి ఎదురైతే జనం చదవకుండానే స్కిప్ కొట్టేస్తారు.

ఒక్కటే పెట్టే టైముంటే నా ఓటు "ఐ" గుర్తుకి. పేజీలో రైట్ క్లిక్ డ్రిల్‌త్రూ (అంకె వెనకున్న వివరాల పేజీకి వెళ్ళడం) లాంటి కంటికి కనబడనివి ఉంటే ఓవర్‌లే కూడా పెడతాను, డేటా టిక్ తీసేసి.

నెలాఖరు ఫోన్లు పూర్తిగా ఆగలేదు. మొన్న ఆ బ్రాంచి ఆయనే చేశారు: "అన్నా, రిటర్నులు తియ్యని అంకె కూడా పక్కన పెట్టగలవా?"