ఎయిర్ పిస్టల్ కొనుగోలు: రెండు లక్షల పిస్టల్, డెబ్బై వేల పిస్టల్ కంటే ఎంత మెరుగు?

గచ్చిబౌలి షూటింగ్ రేంజికి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు మొదటి నెల గడవకముందే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. సొంత పిస్టల్ కొనాలంటే ఎంత పెట్టాలి, తక్కువ ధరది కొంటే పిల్లవాడు వెనకబడిపోతాడా అన్నదే ఆ ప్రశ్న. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల వయసులోనే సీనియర్ జాతీయ ఛాంపియన్ కావడం, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ విభాగంలో రజతం సాధించడం చూసిన తరువాత ఈ ప్రశ్న అడిగేవారి సంఖ్య బాగా పెరిగిందని నాకు అనిపిస్తుంది. ప్రారంభ స్థాయి పిస్టల్‌ను పద్నాలుగు నెలలు, ఖరీదైన పోటీ పిస్టల్‌ను ఇప్పటికి రెండేళ్లకు పైగా వాడినవాడిగా, ఈ రెండింటి మధ్య డబ్బు ఎక్కడికి పోతుందో నాకు తెలిసినంత వరకు వివరంగా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా పరిధి చెప్పాలి. నేను మాట్లాడుతున్నది 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండును, అంటే పెల్లెట్‌ను సంపీడిత గాలితో వదిలే క్రీడా పిస్టల్ గురించి మాత్రమే. అర గ్రాము పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి దాని శక్తి ఆరు జౌల్స్ మించదు. మన దేశంలో ఈ కొలత ఎయిర్ గన్నులకు 20 జౌల్స్ వరకు లైసెన్సు అవసరం లేదు. ఈ తరగతిలో పై మెట్టు మీద ఉన్నవి ఆస్ట్రియాకు చెందిన స్టయర్, స్విట్జర్లాండ్‌కు చెందిన మొరీని, ఇటలీకి చెందిన పార్దీని, జర్మనీకి చెందిన వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ సంస్థల పోటీ మోడళ్లు. మన దేశానికి చేరేసరికి వీటి ధర లక్షన్నర నుంచి రెండు లక్షలు, కొన్నింటికి ఆ పైన కూడా ఉంటుంది. మధ్య మెట్టు మీద, అదే సూత్రంతో పనిచేస్తూ దాదాపు సగం ధరకో అంతకంటే తక్కువకో దొరికే ప్రారంభ స్థాయి పిస్టళ్లు ఉన్నాయి. నేను మొదట డెబ్బై వేలు పెట్టి కొన్నది అటువంటిదే. కింది మెట్టు మీద కొన్ని వేల రూపాయలకే దొరికే స్ప్రింగు పిస్టళ్లు ఉన్నాయి. వాటి సంగతి తరువాత చెబుతాను.

పిస్టల్ నాణ్యత గురించి ఆలోచించే ముందు టార్గెట్ కొలతలు ఒకసారి చూడటం మంచిది, ఎందుకంటే సగం అపోహలు అక్కడే తొలగిపోతాయి. పది మీటర్ల దూరంలో ఉండే ఆ కార్డు మీద పది పాయింట్లు ఇచ్చే మధ్య వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతను తాకినా పెద్ద అంకె ఇస్తారు కాబట్టి, పెల్లెట్ మధ్యబిందువు టార్గెట్ కేంద్రం నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల వరకు జరిగినా అది పదే. ఇప్పుడు చేతి వైపు నుంచి చూద్దాం. గురి చూడటానికి పిస్టల్ మీద ఉండే ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం సుమారు 320 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ రెండింటి పొందికలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా టార్గెట్ దగ్గర అది 31 మిల్లీమీటర్ల తేడా అవుతుంది, అంటే పది రావలసిన చోట ఏడు వస్తుంది. పొందిక పావు మిల్లీమీటరు తప్పితే పది అంచున, కొద్దిలో లోపలే ఉంటాము. కాబట్టి పిస్టల్ తనంతట తాను ఎంత చెదురుతుందన్నదాని కంటే, ట్రిగ్గర్ పడే క్షణంలో ఆ పావు మిల్లీమీటరును చెడగొట్టకుండా ఉంటుందా లేదా అన్నదే అసలు లెక్క.

బ్యారెల్ విషయంలో నా డెబ్బై వేల పిస్టల్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మా కోచ్ గారు దాన్ని బల్లకు బిగించిన పట్టులో పెట్టి ఐదు పెల్లెట్లు కాల్పించినప్పుడు, ఐదూ కలిసి రెండు పెల్లెట్ల వెడల్పున్న ఒకే రంధ్రం చేశాయి. ఖరీదైన పిస్టల్ అదే పట్టులో ఇంకొంచెం చిన్న రంధ్రం చేసింది. రెండూ పది వలయానికి ఎంతో లోపలే ఉన్నాయి కాబట్టి, ఆ తేడా నాలాంటివాడి స్కోరులో ఎన్నటికీ కనిపించదు. "ఈ పిస్టల్ ఎక్కువ సూటిగా కొడుతుంది" అని దుకాణదారు చెప్పే మాటకు ఎవరూ అదనంగా లక్ష రూపాయలు చెల్లించనవసరం లేదు.

డబ్బు విలువ మొదట తెలిసేది ట్రిగ్గర్ దగ్గర. పోటీ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. పరికరాల తనిఖీలో బ్యారెల్‌ను నిలువుగా పట్టుకొని, ట్రిగ్గర్‌కు ఆ బరువు తగిలించి పైకి ఎత్తుతారు; బరువు బల్ల మీద నుంచి లేచేలోగా ట్రిగ్గర్ పడిపోతే ఆ పిస్టల్‌ను అలాగే పోటీకి అనుమతించరు. ఈ 500 గ్రాములను రెండు దశలుగా పంచుకుంటాము. మొదటి దశలో వేలు ముప్పాతిక బరువును తీసుకొని ఒక గోడ దగ్గర ఆగుతుంది, మిగిలిన బరువు రెండో దశలో పడుతుంది. ఖరీదైన పిస్టల్‌లో ఆ గోడ స్పష్టంగా తెలుస్తుంది, దాని తరువాత ఈడ్పు ఉండదు, గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. ప్రారంభ స్థాయి పిస్టల్‌లో కూడా రెండు దశలు ఉన్నాయి, సర్దుబాటు మరలు కూడా ఉన్నాయి. అయితే రెండో దశలో వేలికి చిన్న జారుడు తగులుతుంది, ఆ జారుడు ఒకరోజు ఉన్నట్టు ఇంకొకరోజు ఉండదు. నేను 510 గ్రాములకు సర్ది పెట్టిన ట్రిగ్గర్ రెండు నెలల తరువాత తూచి చూస్తే 480కి దిగి ఉంది. సాధనలో అది పట్టించుకోనవసరం లేని విషయంలా కనిపిస్తుంది గానీ, రాష్ట్ర స్థాయి పోటీ ఉదయం తనిఖీ బల్ల ముందు నిలబడి, వణికే చేతులతో మర బిగిస్తూ గడిపిన ఇరవై నిమిషాలు నా మొదటి సిరీస్ (పది షాట్ల వరుస) మొత్తాన్ని తినేశాయి. నేను కొన్న ఖరీదైన పిస్టల్ ట్రిగ్గర్‌ను రెండేళ్లలో ఒక్కసారి కూడా తిరిగి సర్దవలసిన అవసరం రాలేదు.

రెండో తేడా గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి. ఈ విషయంలో మాత్రం ఖరీదు పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదని కొనేవారు ముందే తెలుసుకోవాలి. పై మెట్టు పిస్టళ్లకు చెక్క గ్రిప్పులు చిన్న, మధ్య, పెద్ద కొలతల్లో, కుడి, ఎడమ చేతులకు వేరువేరుగా వస్తాయి. అరచేతి కింద ఉండే ఆధారాన్ని పైకీ కిందికీ జరుపుకోవచ్చు, గ్రిప్ కోణాన్ని కూడా బ్యారెల్‌కు తగ్గట్టు మార్చుకోవచ్చు. నా ప్రారంభ స్థాయి పిస్టల్‌ గ్రిప్ ఎవరి చేతికైనా పట్టాలన్న ఉద్దేశంతో చేసినది కాబట్టి, ఎవరి చేతికీ పూర్తిగా పట్టదు. పిస్టల్ ఎత్తిన ప్రతిసారీ ముందు సైటు కొద్దిగా ఎడమకు చూసేది, నేను మణికట్టుతో దాన్ని సరిచేసేవాణ్ణి, నలభయ్యో షాటు తరువాత ఆ మణికట్టు అలసిపోయేది. చివరకు కోచ్ గారి సలహాతో, బొటనవేలి మొదట్లోనూ అరచేతి గుంటలోనూ ఎం-సీల్ ముద్ద పెట్టి, చేతి ముద్ర పడేలా పట్టుకొని, ఆరిన తరువాత ఉప్పు కాగితంతో నాలుగు ఆదివారాలు రుద్దాను. ఆ వంద రూపాయల పని నా స్కోరుకు చేసిన మేలు ఏ ఖరీదైన మార్పూ చేయలేదు. ఖరీదైన పిస్టల్ చెక్క గ్రిప్‌ను కూడా ఇలాగే ముద్ద పెట్టి, చెక్కి, నా చేతికి తెచ్చుకున్నాను; కాకపోతే అక్కడ మొదలే సరైన కొలత దగ్గర ఉండటం వల్ల రెండు ఆదివారాలతో పని ముగిసింది.

మిగిలిన తేడాలు త్వరగా చెప్పవచ్చు. వెనుక సైటు గాడి వెడల్పును మార్చుకునే వీలు ఉండటం నాకు ఉపయోగపడింది. స్టయర్ ఎల్‌పీ10 వంటి పిస్టళ్లలో షాటు కుదుపును తగ్గించే చిన్న యంత్రాంగం ఉంటుంది. అది ఉన్నప్పుడు సైటు ఎగరదు, కాబట్టి షాటు ఎక్కడికి వెళ్లిందో స్క్రీను చూడకముందే చెప్పగలుగుతాము. మొరీని సీఎం 162 ఈఐ వంటి వాటిలో ట్రిగ్గర్ ఎలక్ట్రానిక్, బ్యాటరీతో నడుస్తుంది, చాలా మృదువుగా ఉంటుంది. అయితే ధర ఎంతైనా యంత్రం యంత్రమే అని గుర్తుపెట్టుకోవాలి. 2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించడం, ఆ మరమ్మతుకు విలువైన నిమిషాలు పోవడం, ఆమె 600కి 575 స్కోరుతో ఫైనల్‌కు కొద్దిలో దూరం కావడం మనందరం చూసిందే. మూడేళ్ల తరువాత పారిస్‌లో అదే 10 మీటర్ల విభాగంలో ఆమె రెండు కాంస్యాలు గెలుచుకున్నప్పుడు మా రేంజిలో పెద్దలు, పిల్లలు కలిసి కేకలు వేసిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది.

అదే పారిస్‌లో, ప్రత్యేకమైన కళ్లద్దాలూ కంటి కప్పులూ లేకుండా, ఒక చెయ్యి జేబులో పెట్టుకొని మిశ్రమ జట్టు రజతం గెలిచిన తుర్కియే షూటర్ యూసుఫ్ దికెచ్‌ను చూపించి, పరికరాలతో పని లేదని వాదించేవారు తారసపడుతుంటారు. ఆయన పక్కన పెట్టింది ఆ ప్రత్యేకమైన కళ్లద్దాలను. ఆయన చేతిలో ఉన్నది మాత్రం పూర్తి స్థాయి పోటీ పిస్టలే. ఆ ఉదాహరణ నుంచి ఏమైనా నేర్చుకోవాలంటే, ఏది మానవచ్చో ఏది మానకూడదో ఆయనకు బాగా తెలుసన్నదే నేర్చుకోవాలి.

ఇక స్కోరు సంగతి. నేను ప్రతి 60 షాట్ల సాధననూ నోటు పుస్తకంలో రాసుకుంటాను. ప్రారంభ స్థాయి పిస్టల్‌తో ఎనిమిదో నెల నాటికి నా సగటు 528. ఆ తరువాత ఒక మిత్రుడు విదేశానికి వెళ్తూ తన ఎల్‌పీ10ను మూడు నెలలు నా దగ్గర ఉంచాడు. మొదటి వారం నా సగటు 521కి పడిపోయింది, ఎందుకంటే ఆ ట్రిగ్గర్ నేను అనుకోకముందే తెగిపోయేది. మూడో నెల ముగిసేసరికి 541 వచ్చింది. పిస్టల్ తిరిగి ఇచ్చేసి నా పాతదానితో కాల్చినప్పుడు వచ్చిన సగటు 537. అంటే పెరిగిన పదమూడు పాయింట్లలో తొమ్మిది నా సాధనవి, నాలుగు మాత్రమే పిస్టల్‌వి. ఆ నాలుగు ఎక్కడ పోయాయని పుస్తకం తిరగేస్తే, పదులూ తొమ్మిదులూ రెండింటిలో దాదాపు సమానంగానే ఉన్నాయి; చివరి ఇరవై షాట్లలో, వేలు అలసిన తరువాత వచ్చే ఏడులు మాత్రం ఖరీదైన పిస్టల్‌తో తక్కువగా ఉన్నాయి. 530 దగ్గర ఉన్నవాడికి నాలుగు పాయింట్లు లక్ష రూపాయల విలువ చేయవు. 565 దాటి రాష్ట్ర జట్టు గడప దగ్గర నిలబడినవాడికి ఆ నాలుగు పాయింట్లే సర్వస్వం.

కొన్ని వేల రూపాయల స్ప్రింగు పిస్టల్‌ను మాత్రం పోటీ ఉద్దేశంతో కొనవద్దని గట్టిగా చెబుతాను. ప్రతి షాటుకూ బలమైన స్ప్రింగును చేత్తో బిగించాలి, అరవై షాట్లకు భుజం పట్టేస్తుంది. స్ప్రింగు ముందుకు దూకేటప్పుడు పెల్లెట్ బ్యారెల్ దాటకముందే పిస్టల్ కదులుతుంది. బరువైన ట్రిగ్గర్‌ను లాగడానికి పిల్లలు చెయ్యంతా బిగించడం నేర్చుకుంటారు. ఆ అలవాటును మాన్పించడానికి కోచ్‌లు పడే పాట్లు నేను కళ్లారా చూశాను. అంతకంటే, రేంజిలో అద్దెకు ఇచ్చే మంచి పిస్టల్‌తో ఆరు నెలలు గడపడం ఎంతో మేలు.

అన్నింటికంటే తెలివైన కొనుగోలు అని నేను నమ్మేది వాడిన పోటీ పిస్టల్. జాతీయ స్థాయి షూటర్లు కొత్త మోడల్ తీసుకున్నప్పుడు పాతవి అమ్ముతారు. జాగ్రత్తగా చూసుకున్న పిస్టల్ పదేళ్లయినా ట్రిగ్గర్‌లో కొత్తదానికి తీసిపోదు. నేను కొన్నది ఏడేళ్ల నాటి ఎల్‌పీ10, లక్షా పదివేలకు. కొనేటప్పుడు మొదట చూడవలసింది గాలి సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ, ఎందుకంటే 200 బార్ ఒత్తిడిని మోసే ఆ సిలిండర్‌కు పదేళ్ల గడువు ఉంటుంది, గడువు తీరినదాన్ని వాడటం ప్రమాదం. తరువాత, నిండుగా గాలి పట్టించి ఒక రాత్రి వదిలేసి ఉదయం ఒత్తిడి చూడాలి. తగ్గితే సీళ్లు మార్చే ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. గాలి లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కే డ్రై ఫైరింగ్ వీలు సరిగా పనిచేస్తుందో లేదో తప్పక పరీక్షించాలి, ఎందుకంటే ఇంట్లో తెల్ల గోడ ముందు చేసే ఆ సాధనే ఏడాదిలో మన సాధనలో పెద్ద భాగం. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉండేవారు చేతిపంపుతో గాలి నింపుతుంటే, తేమను పీల్చే ఫిల్టరు లేకుండా ఒక్కసారి కూడా నింపకూడదు. లోపలికి చేరిన తేమ సీళ్లనూ వాల్వునూ పాడుచేస్తుంది.

బడ్జెట్ లక్ష లోపే ఉన్నవారు ప్రారంభ స్థాయి పిస్టల్ కొని, మిగిలిన డబ్బును పెల్లెట్లకూ శిక్షణకూ ఉంచుకోవడంలో ఏ నష్టమూ లేదు. రోజుకు 80 షాట్లు, వారానికి ఆరు రోజులు అంటే నెలకు సుమారు రెండు వేల పెల్లెట్లు, అంటే ఐదు వందలుండే డబ్బాలు నాలుగు. ఖరీదైన పిస్టల్ కొని, నెలకు ఒక్క డబ్బాతో సరిపెట్టుకునే పిల్లలను చూసినప్పుడు నిజంగా బాధ కలుగుతుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకైతే పూర్తి బరువు పిస్టల్ కంటే అదే సంస్థలు చేసే పొట్టి, తేలిక మోడల్ ముందు చేతిలో పెట్టి చూడండి. కొనబోయే పిస్టల్‌ను పిల్లవాడు చెయ్యి చాచి, కళ్లు మూసుకొని ఎత్తి, కళ్లు తెరిచినప్పుడు సైట్లు వాటంతట అవే వరుసలో ఉన్నాయా అని చూడండి. లేకపోతే ఆ గ్రిప్ కొలత మార్చమని అడిగిన తరువాతే డబ్బు చెల్లించండి.