ర్యామ్ అమ్మే ముందు బోర్డు పేరు అడిగే షాపు

టీవీ కింద పెట్టుకునే హోమ్ థియేటర్ పీసీలో ర్యామ్ (పని చేసేటప్పుడు పీసీ వాడుకునే మెమరీ) మార్చిన దగ్గర్నుంచి స్క్రీన్ రాకపోవడం, సినిమా మధ్యలో ఆగిపోవడం లాంటి తలనొప్పులు మొదలైనవాళ్ళు విశాఖలో ఎవరైనా ఉంటే, కొత్త మదర్‌బోర్డు కొనేయకుండా ముందు ఈ షాపుకి తీసుకెళ్ళండి. ద్వారకానగర్‌లో, డైమండ్ పార్క్‌కి దగ్గర్లోనే. మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు, సైన్‌బోర్డు కూడా చిన్నదే, పైకి చూసుకుంటూ వెళ్ళాలి. నేను అయిదుకి అయిదు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, ఈ ర్యామ్ గొడవలో పడి అనవసరంగా డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు.

మాది ఎంవీపీ కాలనీ. హాల్లో టీవీ కింద సన్నటి కేబినెట్‌లో పీసీ ఉంటుంది: రైజెన్ 3 3200జీ ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్‌తో రెండే ర్యామ్ స్లాట్లున్న చిన్న బోర్డు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కోడి (Kodi) అనే సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేర్ వేసి, హార్డ్‌డిస్క్‌లో ఉన్న సినిమాలన్నీ అందులోకి ఎక్కించాం. నాన్నగారికి సాయంత్రమైతే పాత సినిమాలు, ఆదివారం పిల్లలకి బొమ్మల సినిమాలు, ఇంట్లో అందరూ వాడే పెట్టె అది. మొదట్లో 8 జీబీ ర్యామ్ ఒక్కటే ఉండేది, 2400 స్పీడుది. 4కె టీవీ వచ్చాక మెనూలు కూడా ఈడ్చుకుంటూ కదుల్తుంటే ఇంకో 8 జీబీ వేయిద్దామని వేరే చోటికి తీసుకెళ్ళాను. వాళ్ళు 3200 స్పీడుది ఒకటి గుచ్చి, పీసీని మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్ అయిన బయోస్‌లో స్పీడు 3200కి పెట్టి, స్టార్ట్ అవడం చూపించి పంపించేశారు.

ఆ రాత్రి నుంచే మొదలైంది. పొద్దున్న స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది కానీ టీవీలో నో సిగ్నల్ అని వస్తుంది. రెండోసారో మూడోసారో ఆఫ్ చేసి వేస్తే లేస్తుంది. సినిమా పెట్టిన కాసేపటికి తెర మీద ఆకుపచ్చ గళ్ళు, ఆ తర్వాత మొత్తం బిగుసుకుపోవడం. స్లీప్‌లోకి వెళ్తే మళ్ళీ లేవదు. అమ్మిన చోటికే తీసుకెళ్తే విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడిపి, "ర్యామ్ బాగానే ఉంది సార్, మీ బోర్డే పోయింది, మార్చేయండి" అన్నారు. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు.

ఇక ఈ షాపు సంగతి. ఓనర్ గారు, ఇద్దరు కుర్రాళ్ళు, అంతే. పెట్టె బల్ల మీద పెట్టగానే ఓనర్ గారు అడిగిన మొదటి మాట, "బోర్డు మోడల్ ఏంటి మాస్టారూ, బయోస్ ఎప్పుడైనా అప్‌డేట్ చేయించారా?" ర్యామ్ గురించి మన దగ్గర ఏ షాపుకెళ్ళినా "ఎన్ని జీబీ కావాలి?" అన్నదే మొదటి ప్రశ్న. ఈయన బోర్డు మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని, కంపెనీ సైట్లో ఆ బోర్డుకి సరిపడే మెమరీల జాబితా తీసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకున్నారు.

రెండు ర్యామ్‌లూ బయటికి తీసి పక్కపక్కన పెట్టి నన్నూ చూడమన్నారు. పాతదాని స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ అని ఉంది, కొత్తదాని మీద 1ఆర్ఎక్స్16 పీసీ4-3200ఏఏ అని. పాతదాన్ని తిప్పి చూపిస్తే రెండు వైపులా కలిపి 16 నల్లటి చిప్పులున్నాయి. కొత్తదానికి ఒకవైపు నాలుగే, రెండో వైపు ఖాళీ. రెండూ 8 జీబీయే, రెండూ డీడీఆర్4 అనే తరానివే, రెండూ 1.2 వోల్టులే, రెండింటికీ 288 పిన్నులే, గాడి కూడా ఒక్కచోటే ఉంటుంది కాబట్టి స్లాట్లో శుభ్రంగా కూర్చుంటాయి. కానీ లోపల అమరిక వేరు. 2ఆర్ అంటే చిప్పులు రెండు జట్లుగా ఉండి వంతులవారీగా పనిచేస్తాయి, 1ఆర్ అంటే ఒకటే జట్టు. ఎక్స్8, ఎక్స్16 అన్నది ఒక్కో చిప్పు ఒకేసారి ఎన్ని బిట్లు ఇస్తుందన్న లెక్క. ప్రాసెసర్‌లో ఉండి ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ఈ రెండింటినీ ఒకే టైమింగ్‌తో నడిపించాలి. జోడీ కాని ఎద్దుల్ని ఒకే కాడికి కట్టినట్టు అన్నమాట. నడవకూడదని లేదు, ఒక్కోసారి బ్రహ్మాండంగా నడుస్తాయి కూడా, కానీ ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. దానికి తోడు 2400 కోసం తయారైన ర్యామ్‌ని 3200తో పరిగెత్తించారు. అసలు 3200జీ ప్రాసెసర్‌కి ఏఎండీ వాళ్ళు అధికారికంగా చెప్పిన మెమరీ స్పీడే 2933.

మరి స్టార్ట్ అయి విండోస్ కూడా వచ్చింది కదా అని అడిగాను. దానికి ఆయనిచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది. ఇలాంటి పీసీలో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మనం వేసిన ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. 4కెలో ఒక్క ఫ్రేమే దాదాపు 33 మెగాబైట్లు, సెకనుకి 60 సార్లంటే ఊరికే బొమ్మని టీవీకి పంపడానికే దగ్గర దగ్గర 2 జీబీ ర్యామ్‌లోంచి చదవాలి. వీడియోని డీకోడ్ చేసే పని దాని మీద అదనం. ఆఫీసు పీసీలో వర్డ్, ఎక్సెల్ వాడుకునేవాళ్ళకి నెలల తరబడి బయటపడని మెమరీ తప్పు ఇక్కడ సినిమా పెట్టగానే ఆకుపచ్చ గళ్ళై కనిపిస్తుంది.

టెస్టింగ్ దగ్గర వీళ్ళ పద్ధతి చూసి తీరాలి. ముందు బయోస్ సెట్టింగులన్నీ రీసెట్ చేశారు. తర్వాత పాత ర్యామ్ ఒక్కటే మొదటి స్లాట్లో, ఆ తర్వాత రెండో స్లాట్లో. కొత్తది ఒక్కటే మొదటి దాంట్లో, మళ్ళీ రెండో దాంట్లో. ప్రతిసారీ మెమ్‌టెస్ట్86 ప్లస్ పూర్తిగా నడిపారు. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్, పెన్‌డ్రైవ్‌లోంచి బూట్ అవుతుంది, విండోస్‌తో పనిలేదు, కాబట్టి ర్యామ్‌ని దాదాపు మొత్తం గాలిస్తుంది. విడివిడిగా ఒక్క ఎర్రర్ కూడా లేదు. అంటే రెండు ర్యామ్‌లూ మంచివే, స్లాట్లూ మంచివే, బోర్డు పోలేదు! రెండూ కలిపి 3200 దగ్గర పెట్టేసరికి కాసేపటికే ఎర్ర లైన్లు వరసగా పడ్డాయి. 2400కి దించితే చాలాసేపు నిలబడి, చివర్లో మళ్ళీ ఎర్రర్. పొద్దున్న పూటే లేవట్లేదని చెప్పాను కదా, అందుకని రాత్రంతా కరెంటు తీసేసి, పెట్టె పూర్తిగా చల్లబడ్డాక మర్నాడు స్విచ్ వేసి చూశారు. అలా చూడ్డం వల్లే నో సిగ్నల్ వాళ్ళ కళ్ళ ముందు వచ్చింది. మనం చెప్పింది విని, దాన్ని అలాగే మళ్ళీ రప్పించి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

తర్వాత బయోస్. మా బోర్డులో ఉన్నది కొన్నప్పటిదే. రైజెన్ బోర్డుల్లో మెమరీని గుర్తుపట్టి సర్దుకునే పనంతా బయోస్‌లో ఏఎండీ ఇచ్చే అజీసా అనే భాగం చూసుకుంటుంది, 2017లో మొదటి రైజెన్‌లు వచ్చినప్పుడు కూడా ర్యామ్ పేచీలు చాలా ఉండేవి, వాటిలో చాలా వరకు ఈ అప్‌డేట్లతోనే తగ్గాయి. కుర్రాడు నేరుగా అప్‌డేట్ కొట్టేయలేదు. కొన్ని కొత్త బయోస్‌లలో పాత ప్రాసెసర్లకి సపోర్ట్ తీసేస్తారట, మా ప్రాసెసర్ జాబితాలో ఉందో లేదో చూసి, యూపీఎస్‌కి తగిలించి అప్పుడు చేశాడు. మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోవచ్చు మరి. అప్‌డేట్ అయ్యాక అవే రెండు ర్యామ్‌లూ 2400 దగ్గర రాత్రంతా ఒక్క ఎర్రర్ లేకుండా నడిచాయి.

ఇక్కడే నాకు ఈ షాపు మీద గౌరవం పెరిగింది. "ఇలాగే తీసుకెళ్ళిపోవచ్చు మాస్టారూ, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు" అన్నారు ఓనర్ గారు. ర్యామ్ ధరలు మండిపోతున్న ఈ రోజుల్లో అమ్ముకునే అవకాశం చేతిలో ఉండి ఆ మాట అనడం చిన్న విషయం కాదు. భవిష్యత్తులో మళ్ళీ టెన్షన్ వద్దనుకుంటే ఒకే ప్యాకెట్లో వచ్చే 8 జీబీల జత వేసుకోమని, పాతది ఎక్స్చేంజ్‌లో తీసుకుంటామని చెప్పి, నిర్ణయం నాకు వదిలేశారు. నేను జతే తీసుకున్నాను. బోర్డు కంపెనీ జాబితాలో ఉన్న మోడలే ఇచ్చారు. రంగురంగుల లైట్లు, ఎత్తైన హీట్‌సింక్ ఉన్నవి నేను చేతిలోకి తీసుకుంటే, ఆ సన్నటి కేబినెట్లో కూలర్‌కి అడ్డమొస్తాయని మామూలువే వేయించారు. వాటి మీద 3200 అని ఉన్నా 2933 దగ్గరే పెట్టారు. ఇలా జతగా రెండు చానళ్ళలో, అంటే ప్రాసెసర్‌కి వెళ్ళే రెండు దారుల్లో పడితే లెక్క ప్రకారం సెకనుకి 47 జీబీ దాకా అందుతుంది, మొదట్లో నా దగ్గరున్న ఒంటి 2400కి 19 జీబీయే. మెనూలు ఇప్పుడు నాన్నగారి వేలితో పాటే కదుల్తున్నాయి. మిగిలిపోయిన ఆ నాలుగు చిప్పుల ర్యామ్‌ని మా తమ్ముడు తన డెస్క్‌టాప్‌లో ఒంటరిగా వేసుకున్నాడు, హాయిగా నడుస్తోంది.

ఇంకో చిన్న సంగతి. బొమ్మ అడ్డంగా కదిలినప్పుడు సన్నగా కుదుపు వస్తోందని, అదీ ర్యామ్ వల్లేనేమో అని అడిగాను. కాదన్నారు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, టీవీ నడిచేది 60 హెర్ట్జ్‌లో, 60ని 24 సమంగా భాగించదు, అందుకే ఆ కుదుపు. కోడి సెట్టింగుల్లో ప్లేబ్యాక్ కింద రిఫ్రెష్ రేట్ సర్దుకునే ఆప్షన్ ఆన్ చేసి పంపారు. దానికి డబ్బులు తీసుకోలేదు.

నేనక్కడ కూర్చున్నప్పుడు ఒకాయన గాజువాక నుంచి అరచేతి వెడల్పున్న పాత సెలెరాన్ ప్రాసెసర్ పెట్టె తెచ్చారు. ర్యామ్ మార్చాక చచ్చినట్టు పడి ఉందట. ఓనర్ గారు స్టిక్కర్ మీద గోరు పెట్టి చూపించారు: పీసీ3 అని ఉంది, పీసీ3ఎల్ కావాలి. పాత తరం డీడీఆర్3ది 1.5 వోల్టులు, ఎల్ రకానిది 1.35. రెండూ అదే 204 పిన్నులు, అదే గాడి, చక్కగా దిగిపోతుంది, కానీ ఆ తరం చిన్న సెలెరాన్‌లు తక్కువ వోల్టేజీది మాత్రమే తీసుకుంటాయి. సరైనది పెట్టగానే స్క్రీన్ వచ్చింది. ఒక్క అక్షరం తేడా!

బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళకి వీళ్ళు చెప్పే సలహా కూడా వినదగ్గదే. మన ఉప్పుగాలికి, తేమకి ర్యామ్ కాంటాక్టులు మసకబారుతాయి. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దేస్తారు, దాంతో బంగారు పూత అరిగిపోతుంది, పొడి స్లాట్లో పడుతుంది. వీళ్ళు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే పెడతారు.

ఇబ్బందులూ చెప్పాలి. ఫోన్ ఎత్తరు, పని అయ్యాక వాళ్ళే చేస్తారు. త్వరగా కావాలంటే కుదరదు, టెస్ట్ పూర్తయ్యేదాకా పెట్టె ఇవ్వరు, ఇంట్లో నాన్నగారికి సమాధానం చెప్పుకోవడం నాకు కష్టమే అయింది. టెస్టింగ్ చార్జీ ముందే కట్టాలి, అయితే ర్యామ్ వాళ్ళ దగ్గరే కొంటే బిల్లులో తగ్గిస్తారు. కింద బండి పెట్టుకోవడానికి జాగా దొరకదు, సాయంత్రం ఆ రోడ్డు సంగతి తెలిసిందే, ఉదయం షాపు తీయగానే వెళ్ళడం మేలు. టీవీ, కీబోర్డు మోసుకెళ్ళక్కర్లేదు, పెట్టె చాలు. తీసేసిన పాత ర్యామ్ ఇంట్లో ఉంటే మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళండి, వాళ్ళు అదీ అడుగుతారు. ఇంటికి తెచ్చుకున్నాక మొదటిసారి స్విచ్ వేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉండి, ఒకట్రెండు సార్లు తనంతట తానే రీస్టార్ట్ అవ్వొచ్చు. ర్యామ్‌ని సర్దుకుంటోందన్నమాట, కంగారుపడి ప్లగ్ పీకేయకండి.