గైడుకిచ్చింది దండగ, పై అంతస్తు పండగ

మెక్సికో సిటీలో ఆంత్రొపాలజీ మ్యూజియం చూడ్డానికి వెళ్తే, బయట మెడలో కార్డేసుకుని ఎదురొచ్చే గైడుల్ని మాత్రం నమ్మకండి. 2024లో టికెట్ తలా 95 పెసోలు. మాకు తగిలిన మహానుభావుడు రెండు గంటలు చూపిస్తానని 800 పుచ్చుకున్నాడు. అజ్టెక్‌ల పెద్ద గుండ్రటి చెక్కుడురాయి, సూర్యశిల దగ్గర అరగంట ఫొటోలు తీయించాడు. మాయా నాగరికత హాల్లోకి వచ్చేసరికి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. పైన ఏముందని మా ఆవిడ అడిగితే, "కుండలూ బట్టలూ, అంతే" అని చేతులు దులుపుకుని గంటంపావుకే చెక్కేశాడు. ఆవిడ మూడ్ అక్కడే పాడైంది.

మాయా హాల్ మళ్ళీ మేమే మొదట్నుంచీ చూశాం. జనమంతా మాయా నగరం పాలెంకే రాజు పకాల్ పచ్చరాతి ముసుగు దగ్గరే ఉంటారు. ఆయన 683లో పోతే, సమాధి 1952లో బయటపడింది. 1985 క్రిస్మస్ వేళ దొంగలు ఈ మ్యూజియంలోంచే ఆ ముసుగు ఎత్తుకుపోయారు, 1989లో గానీ దొరకలేదు. నన్ను కట్టిపడేసినవి మాత్రం హైనా (Jaina) ద్వీపపు మట్టిబొమ్మలు. కంపేచే తీరంలోని ఆ దీవిలో శవాలతో పాటు పూడ్చిపెట్టినవి. చిన్నచిన్నవి, కొన్ని ఊదితే ఈలలు. ఒకామె నడుముకి మగ్గం బిగించుకుని నేస్తోంది. వేళ్ళ దాకా చెక్కుచెదరని పనితనం!

కింద "అన్నీ రాళ్ళే" అని విసుక్కున్న అత్తయ్య పైకెక్కాక కదిలితే ఒట్టు. అక్కడ ఈనాటి పల్లెల కుండలు, పెనాలు, నీళ్ళ కూజాలు. ఓఆహాకా రాష్ట్రపు నల్లమట్టి పాత్రలైతే నల్ల గాజుల్లా నిగనిగలాడుతున్నాయి. ఆరీ ఆరని మట్టిని క్వార్ట్జ్ రాయితో రుద్ది, పొగ బయటికి పోకుండా మూసి కాలుస్తారట. ఆ మెరుపు పద్ధతికి పేరు తెచ్చింది సాన్ బార్తోలో కొయోతెపెక్ ఊళ్ళోని కుమ్మరి దోన్యా రోసా. అంత మెరిసేవాటిలో నీళ్ళు మాత్రం నిలవవు. సంగతి చెబితే, "నీళ్ళు నిలవని కుండకి అంత ముస్తాబెందుకు బాబూ?" అంది అత్తయ్య. బయట అలాంటి కూజానే 650 పెసోలంటే బేరం కూడా ఆడకుండా కొనేసింది!

పై అంతస్తులో వివరాలు చాలావరకు స్పానిష్‌లోనే, అనువాదం చూసుకోవడానికి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని వెళ్ళండి. సోమవారం సెలవు. లోపలి రెస్టారెంట్ జోలికి పోలేదు. రోడ్డు మీద నీలి మొక్కజొన్న తలాకోయో (లోపల బీన్స్ కూరిన మందపాటి రొట్టె) 35 పెసోలు, కడుపు నిండింది. శాకాహారులైతే బీన్స్‌లో పందికొవ్వు వేశారేమో ముందే అడగండి.