మెడ మాత్రమేనా, మొత్తం కేసా?

అమెరికాలో జింకల వేటకు తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ళ మధ్య ఇది పాత వాదనే: కాల్చిన కేసును (మందు, బుల్లెట్ పట్టే ఇత్తడి గొట్టం) మళ్ళీ వాడేందుకు మెడ మాత్రమే నొక్కాలా, మొత్తం నొక్కాలా అని. .30-06 అనే రైఫిల్ తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి ఆ రైఫిల్ ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఆకారానికి వస్తుంది. మళ్ళీ వాడాలంటే డైలో, అంటే కేసును తిరిగి కొలతకు తెచ్చే అచ్చులో, నొక్కాలి.

నెక్ సైజింగ్‌లో బుల్లెట్ పట్టే మెడ ఒక్కటే బిగిస్తారు. ఇత్తడి తక్కువ నలుగుతుంది, గ్రీజు గొడవ కూడా తక్కువే. కానీ ఆ కేసు అదే రైఫిల్‌కు పనికొస్తుంది, అదీ బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది) అయితేనే. నాలుగైదు సార్లు కాల్చాక బోల్ట్ మూయడం కష్టమవుతుంది. చలిలో, జింక ఎదురుగా ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

ఫుల్ లెంగ్త్ సైజింగ్‌లో కేసు మొత్తాన్ని నొక్కుతారు. లూబ్ (గ్రీజు) రాయడం మరిచారా, కేసు డైలో ఇరుక్కుంటుంది. డైని మరీ కిందికి దించితే భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే చోటు) అతిగా వెనక్కి పోతుంది, అలా పదేపదే కాల్చిన కేసు అడుగుకు కాస్త పైన తెగుతుంది. బోల్ట్ రైఫిల్‌కు భుజం 0.002 అంగుళం వెనక్కి పోతే చాలు. తర్వాతి తూటా తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌కైతే ఇంకొంచెం కావాలి.

రైఫిల్ బల్ల మీద ఆనించి గురి చూసి కాల్చడానికి మొదటిది, నెక్ సైజింగ్, సరే. వేటకు నా ఓటు రెండోదానికే.