విక్రాంత్ ఆఫీసర్ కాగితాల సెట్ అమ్ముతామంటే తొందరపడి డబ్బు పంపకండి

పాత సైనిక కాగితాలు, మెడల్స్ సేకరించే మిత్రులకు ఒక హెచ్చరిక. "1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్‌పై పనిచేసిన నేవీ ఆఫీసర్ పూర్తి కాగితాలు, విశాఖలోని కుటుంబం నుంచి నేరుగా" అంటూ ఒకతను ఆన్‌లైన్‌లో సెట్లు అమ్ముతున్నాడు. ఫొటో ఆల్బమ్, ఇంటికి రాసిన ఉత్తరాలు, పోస్టింగ్ ఆర్డర్లు, మెడల్, అన్నీ కలిపి 18,000 రూపాయలు. మొత్తం ముందే పంపాలి. నాకొచ్చిన పార్సిల్లో అసలైనదిగా కనిపించింది ఆల్బమ్ ఒక్కటే. అందులోనూ సగం ఫొటోలు పీకేశారు, జిగురు మరకలు మిగిలాయి.

ఇక ఉత్తరాలు. 1971 డిసెంబరు 5 తేదీతో భార్యకు రాసిన ఉత్తరం గురించే లిస్టింగ్‌లో తెగ ఊదరగొట్టాడు. అందులో ఆఫీసరుగారు విక్రాంత్ డెక్ మీద నిలబడి, విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిన వెలుగు చూశారట! ఘాజీ మునిగింది 3వ తేదీ అర్ధరాత్రి దాటాక. అప్పటికి విక్రాంత్ ఎక్కడో అండమాన్ వైపు ఉంది. 4న దాని విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని పాకిస్తాన్‌ను నమ్మించడమే తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ వేసిన ఎత్తు. యాభై ఏళ్లు దాటాక ఈ ఉత్తరం సృష్టించినవాడు కూడా ఆ ఎత్తుకు చిక్కాడు.

కవరు చూస్తే ఇంకా ఘోరం. చిరునామా కింద ఆరంకెల పిన్ కోడ్ ఉంది. మన దేశంలో పిన్ కోడ్ మొదలైందే 1972 ఆగస్టు 15న.

పోస్టింగ్ ఆర్డర్లలో పేరు ఉండాల్సిన చోటల్లా చింపేసి ఉంది. నా అనుమానం, వేర్వేరు మనుషుల కాగితాలు కలిపి ఒకే ఆఫీసరు కెరీర్‌గా కుట్టేశారు. 1949 నాటిదంటున్న కాగితంలో ఓడ పేరు ముందు ఐఎన్ఎస్ అని ఉంది. 1950 జనవరి 26 దాకా మన ఓడలకు ఉన్నది హెచ్ఎంఐఎస్ (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్). మెడల్ మరీ కామెడీ. తూర్పు రంగంలో పనిచేసినవాళ్లకిచ్చింది పూర్వీ స్టార్, ఇతను పంపింది పశ్చిమీ స్టార్.

ఫోన్ చేస్తే మొదట "మా తాతగారి సామానండీ" అన్నాడు, గట్టిగా అడిగేసరికి పాత పేపర్ల కొట్లో కొన్నానన్నాడు, ఆ తర్వాత బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

ఇలాంటివి కొనాలనుకుంటే వీడియో కాల్‌లో ప్రతి కాగితం రెండు వైపులా, కవర్లతో సహా చూపించమనండి. చూపించనంటే వదిలేయండి. "సీక్రెట్" ముద్ర ఉన్న కాగితాలని ఆశపెడితే అసలు ముట్టుకోవద్దు, అధికార రహస్యాల చట్టంతో లేనిపోని టెన్షన్.

నిన్న అదే ఆల్బమ్ ఫొటోలతో ఇంకో పేరు మీద మళ్లీ లిస్టింగ్ పెట్టాడు, ఈసారి 22,000. బూడిదరంగు అట్ట, కుడి మూల నలిగి ఉంటుంది. ఆ ఆల్బమ్ ఇప్పుడు నా దగ్గరే ఉంది.