హనుమకొండ చౌరస్తా దగ్గరి ప్రెస్: పని బాగుంది, ఫోన్ ఎత్తరు

చెల్లె పెళ్లి కార్డులు ఇక్కడే కొట్టించాం. డిజైనర్ అన్న ఫైల్ తెరవగానే "అక్షరాలు కర్వ్స్ చేశారా?" అని అడిగాడు, అంటే అక్షరాలను బొమ్మల్లా గీతలుగా మార్చారా అని. ప్రింటింగ్ వాళ్లు వాడే ‘అను’ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు, ఆ ఫాంట్ లేని సిస్టంలో పిచ్చి గుర్తులైపోతుంది మరి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు), ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), రంగులు సీఎంవైకే (ప్రింటింగ్ సిరాల నాలుగు రంగులు) ఉండాలన్నాడు. స్క్రీన్ మీద మెరిసే ఆర్‌జీబీ ఆకుపచ్చ కాగితం మీద ఎంత డల్‌గా వస్తుందో ఓ పాత కార్డు మానిటర్ పక్కన పెట్టి చూపించాడు. ఆ ఓపికకు ఫుల్ మార్కులు.

కౌంటర్‌లో వాళ్లకు ఇవేవీ పట్టవు. "పీడీఎఫ్ పంపండి సార్, అయిపోతది" అంటారంతే. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గానే పంపండి, ఫొటోగా వద్దు. ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా) అడిగితేనే ఇస్తారు. ముహూర్తాల సీజన్‌లో ఫోన్ ఎత్తరు, టెన్షన్ పడేకన్నా నేరుగా వెళ్లడమే నయం.