దూలాల్లేని స్లాబుకి డిజైన్: భీమవరం ఆఫీసులో చేయించుకున్న పని మీద నా మాట

పాలకొల్లులో మా బావ బట్టల షాపు కడుతున్నాడు. కింద పార్కింగ్, పైన రెండు అంతస్తులు షాపు. కాంట్రాక్టు నాదే. హాల్లో ఎక్కడా దూలం వేలాడకూడదు, ఏసీ డక్టులు వంకర్లు తిరక్కుండా పోవాలి, సీలింగ్ ఎత్తు తగ్గకూడదు అని ఆయన పట్టు. అంటే స్లాబ్ నేరుగా పిల్లర్ల మీదే కూర్చోవాలి. నా చేతి మీదుగా పోసినవన్నీ దూలాల స్లాబులే కాబట్టి డిజైన్ కోసం భీమవరంలో ఉన్న ఈ ఆఫీసుకి వెళ్ళాం. మొదటి స్లాబ్ పోసి సెంట్రింగ్ కూడా విప్పేశాం గనక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

ఈ తరహా స్లాబ్ డిజైన్ చేసేవాడు పనిమంతుడా కాదా అన్నది ఒక్కచోటే తేలిపోతుందని నా అభిప్రాయం. పిల్లరు తల దగ్గర. వేరే చోట్ల అడిగితే స్టీలు ఎంత మిగులుస్తామో చెప్పారు. ఇక్కడ ఇంజనీరు గారు ప్లాను చేతికి తీసుకుని, "పైపులు ఎక్కడెక్కడ దిగుతాయండీ?" అని అడిగారు. మా ప్లంబర్ అలవాటు ప్రకారం వాన నీళ్ళ పైపులన్నీ పిల్లర్లకి ఆనించి గీశాడు. మూలగా ఉంటుంది, కనపడదు, ఎవరైనా అలాగే పెడతారు. దూలాల స్లాబులో అది పెద్ద సంగతి కాదు. ఇందులో మాత్రం ప్రాణం మీదకొచ్చే సంగతి.

అది ఎందుకన్నది ఇంజనీరు గారు కాగితం మీద లెక్కవేసి చూపించారు. మాది పిల్లరుకి పిల్లరుకి 6 మీటర్లు, ఒక వైపు మూడు స్పాన్లు, ఇంకో వైపు నాలుగు. స్లాబ్ మందం 225 మిల్లీమీటర్లు, పిల్లరు 450కి 450, కాంక్రీటు ఎం30 గ్రేడు. స్లాబ్ సొంత బరువు, ఫ్లోరింగ్, పార్టిషన్లు, షాపు కాబట్టి మనుషులకీ సరుకుకీ చదరపు మీటరుకి 4 కిలో న్యూటన్లు కలిపితే మొత్తం 12 దాటింది. భద్రత కోసం దాన్ని 1.5తో హెచ్చించి, ఒక్కో పిల్లరు వాటాకొచ్చే 6కి 6 మీటర్లకి లెక్కిస్తే లోపలి పిల్లరు ఒక్కో అంతస్తు నుంచి దాదాపు 650 కిలో న్యూటన్లు మొయ్యాలి. అంటే 65 టన్నులు. ఆ బరువంతా పిల్లరు చుట్టూ ఉన్న చిన్న చతురస్రం అంచులోంచే దిగాలి. అది తట్టుకోకపోతే పిల్లరు జున్నులో పుల్ల దిగినట్టు స్లాబులోంచి పైకి పొడుచుకొస్తుంది, స్లాబ్ కిందకి జారిపోతుంది. దూలం విరిగే ముందు పగుళ్ళు చూపిస్తుంది, వంగుతుంది. ఇది చాలాసార్లు చెప్పా పెట్టకుండా పోతుంది.

కాంక్రీటు కట్టడాలకి మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 456 ప్రకారం ఆ అంచుని పిల్లరు ముఖం నుంచి స్లాబ్ పనికొచ్చే లోతులో (అంటే స్లాబ్ అడుగు నుంచి పై కడ్డీల దాకా ఉన్న లోతులో) సగం దూరంలో లెక్కగడతారు. నిలువు బరువు ఒక్కటే చూస్తే మాకు అక్కడ ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 1.33 న్యూటన్లు వచ్చింది. ఎం30కి ఉన్న హద్దు 1.37. పాసైంది కదా అని నేను అనేలోపే ఆయన పిల్లరు పక్కన ఆరంగుళాల పైపు బొక్క గీశారు. పిల్లరు మధ్య నుంచి ఆ బొక్క రెండు అంచులకీ గీతలు లాగి, వాటి మధ్య పడిన అంచు ముక్క కొట్టేశారు. మళ్ళీ లెక్కవేస్తే 1.42. ఒక్క పైపుతో హద్దు దాటేసింది! పైగా పక్కపక్క స్పాన్లలో బరువు తేడాగా ఉన్నప్పుడు పిల్లరు తల మీద పడే మెలిక ఇంకా కలపలేదు.

అందుకని పిల్లరు తల చుట్టూ 2 మీటర్ల చదరంలో స్లాబుని ఇంకో 100 మిల్లీమీటర్లు కిందకి మందం చేశారు. డ్రాప్ అంటారు దీన్ని. స్పాన్‌లో మూడో వంతుకి తగ్గకూడదని కోడ్‌లోనే ఉంది, మాకు సరిగ్గా 2 మీటర్లు. దాంతో ఒత్తిడి 0.77కి దిగింది. అయినా పైపుల్ని పిల్లర్ల దగ్గర ఉండనివ్వలేదు, స్పాన్ల మధ్యకి తోలేశారు. మా ప్లంబర్ రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

బావ ఇంకో పేచీ పెట్టాడు. షోకేసులకి అడ్డమొస్తున్నాయి, పిల్లర్లు సన్నం చెయ్యమని. ఇంజనీరు గారు గొంతు పెంచకుండా సియోల్‌లో 1995 జూన్ 29న కూలిన సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ సంగతి చెప్పారు. అదీ దూలాల్లేని స్లాబే. డ్రాయింగులో 80 సెంటీమీటర్లున్న పిల్లర్లు కట్టేటప్పుడు 60 అయ్యాయి, ఆ తర్వాత పైకప్పు మీద బరువైన ఏసీ యంత్రాలు పెట్టారు. 502 మంది చనిపోయారు. బావ మళ్ళీ పిల్లర్ల మాట ఎత్తితే ఒట్టు.

ఈ స్లాబుకి అడ్డంగా వచ్చే తోపు ఆపే శక్తి తక్కువ. మనదా తీరప్రాంతం, తుపాను గాలులు, భూకంపం లెక్క కూడా ఉండాలి. లిఫ్ట్ గోడల్ని కాంక్రీటు గోడలు చేసి, బిల్డింగ్ చుట్టూ అంచు దూలాలు పెట్టారు. అవి బయటి గోడల్లో కలిసిపోతాయి కాబట్టి బావకి అభ్యంతరం లేకపోయింది. పునాది పైల్స్ గురించి ప్రత్యేకంగా చెప్పడానికేం లేదు, మన బంకమట్టిలో అందరూ వేసేవే.

డ్రాయింగులు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. పిల్లరు తల ఒక్కదానికే విడిగా ఒక షీటు ఇచ్చారు. పై కడ్డీలు పిల్లర్ల వరసలో ఎంత దగ్గరగా రావాలి, మధ్యలో ఎంత ఎడంగా ఉండాలి, కింది కడ్డీల్లో ఏ రెండు పిల్లరులోంచి దూరి అవతలికి పోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా రాడ్ బెండింగ్ మేస్త్రీ అది చూసి, "ఏవండీ, పైన ఇంత స్టీలు పెట్టి కింద ఇంత పల్చగా అంటారేంటండీ?" అన్నాడు. "ఈ స్లాబుకి పిల్లరు మీదే ఎక్కువ లాగుడు మేస్త్రీ గారూ. కింద ఆ రెండు కడ్డీలు మాత్రం మర్చిపోకండి. ఎప్పుడైనా తల దగ్గర తెగితే స్లాబ్ వాటికి వేలాడుతుంది, కింద మనుషుల మీద పడదు" అని ఆయన సైటులోనే ఓపిగ్గా చెప్పారు.

స్లాబ్ పోసిన రోజు ఆయనే వచ్చి నిలబడ్డారు. పంపు పైపు పట్టుకున్న కుర్రాళ్ళు పై కడ్డీల మీద నడిచేస్తుంటే ఒకచోట కుర్చీలు, అంటే పై మ్యాట్‌ని ఎత్తిపట్టే వంచిన కడ్డీలు, ఒరిగిపోయాయి. టేపు పెట్టి చూస్తే పై మ్యాట్ 40 మిల్లీమీటర్లు దిగింది. పంపు ఆపించి, కడ్డీలు ఎత్తి, కుర్చీలు దగ్గరదగ్గరగా మళ్ళీ కట్టించి, నడవడానికి చెక్కలు వేయించాకే సాగనిచ్చారు. రెడీమిక్స్ కాంక్రీటు లారీ డ్రైవరు గొణుక్కుంటున్నా పట్టించుకోలేదు. పనికొచ్చే లోతు అక్కడ తగ్గితే కాగితం మీది 0.77 కాగితం మీదే ఉంటుంది. ఫీజు ఎందుకిచ్చానో నాకు ఆ పూట తెలిసింది.

నీళ్ళ విషయంలోనూ గట్టివారే. మా వైపు చెరువులు ఎక్కువ, బోర్లలో ఉప్పు. వేసవిలో కాలువలు కట్టేశాక క్యూరింగ్‌కి బోరు నీళ్ళు వాడదామంటే ముందు ల్యాబ్‌కి పంపమన్నారు. స్టీలున్న కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదట, క్యూరింగ్‌కీ అదే చూడమన్నారు. మా బోరు మించింది, ట్యాంకర్లు తెప్పించాం.

ఇక నచ్చనివి. పైపులు మార్చాక సవరించిన డ్రాయింగ్ సోమవారానికి ఇస్తామని శనివారానికి ఇచ్చారు. ఆ వారమంతా సెంట్రింగ్ సామాను అద్దె నా నెత్తిన పడింది. ఫోన్ చేస్తే ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే మాట్లాడుతుంది కానీ సమాధానం ఆమె దగ్గర ఉండదు. షీట్లు వాట్సాప్‌లో పంపుతారు, వాటిలో పొట్టి అక్షరాల సంకేతాలు మా మేస్త్రీలకి అర్థం కావు. పెద్ద సైజు ప్రింట్లు అడిగి తీసుకోవాలి. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో డ్రాయింగులో లేదు, నేను అడిగితే చెప్పారు. 4.5 మీటర్లు దాటిన స్పాన్‌కి 14 రోజుల లోపు ముట్టుకోవద్దని, పై స్లాబ్ పోసేటప్పుడు కింద మళ్ళీ జాకీలు పెట్టాలని. అంత ముఖ్యమైన మాట షీటు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

ఖర్చు సంగతి. ఫీజు మా ఊరి రేటు కన్నా ఎక్కువే. స్టీలు, కాంక్రీటు రెండూ నేను దూలాలకి వేసుకున్న అంచనా దాటాయి. చదును సెంట్రింగ్ కాబట్టి వడ్రంగి కూలీ తగ్గింది, దూలాల పెట్టెలు కొట్టే పని తప్పింది. మొత్తానికి డబ్బు మిగలలేదు. బావకి కావలసిన ఎత్తు మిగిలింది, డక్టులు సూటిగా పోయాయి.

మామూలు ఇల్లు కట్టుకునేవాళ్ళు వీళ్ళ దగ్గరికి ఇలాంటి స్లాబ్ కోసం వెళ్ళొద్దు. మేం ఉండగానే ఒకాయన రెండు బెడ్‌రూముల ఇంటికి అడిగితే, "గోడల కింద దూలాలు దాగిపోతాయి కదండీ, మీకెందుకు ఈ ఖర్చు" అని పంపేశారు. షాపు, హాలు, కారు పార్కింగ్ కట్టేవాళ్ళయితే వెళ్ళండి. మట్టి పరీక్ష రిపోర్టు, ప్లంబింగ్ గీతలు, ఏసీ వాళ్ళ ప్లాను చేతిలో ఉంచుకుని వెళ్ళండి, అవి లేకుండా పని మొదలుపెట్టరు. డ్రాయింగ్ తేదీ మాత్రం కాగితం మీద రాయించుకోండి. ఐదుకి నాలుగు.